యూరప్ వెళ్లేముందు మా అత్తకు పెట్టిన పరీక్ష

యూరప్ చూసొచ్చినవాళ్లు యూరప్ గురించి రాస్తారు. నేను ఆ గుమ్మం తొక్కకుండానే రాయడానికి కూర్చున్నాను. దీనికంతా కారణం మా ఆవిడ నీలిమ. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేసి చేసి, టెస్టింగ్ లేకుండా ఏదీ రిలీజ్ చేయకూడదన్న పట్టుదల ఆవిడతోపాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. కొత్త కుక్కర్ కొంటే ముందు ఉత్త నీళ్లు పోసి ఓ విజిల్ తెప్పించాకే బియ్యం పడనిస్తుంది. అలాంటి మనిషి వచ్చే జులైలో ఏడు దేశాల యూరప్ టూర్‌కు ప్లాన్ వేసింది. ప్యాకేజీ వాళ్ల జోలికి పోకుండా, సొంతంగా, చవగ్గా. పారిస్‌లో దిగి రోమ్‌లో తిరుగు విమానం ఎక్కాలి. మధ్యలో ఊళ్ల పేర్లు ఆవిడ గడగడా చదువుతుంటే నాకు కాజీపేట జంక్షన్‌లో అనౌన్స్‌మెంట్ విన్నట్టుండేది.

టొరంటో పక్కన మిల్టన్‌లో ఉంటాం. నేను, నీలిమ, పద్నాలుగేళ్ల మా అమ్మాయి తన్వి. ప్లాన్ ముగ్గురికీ అతికినట్టు కుదిరింది అనుకుంటుండగా కాల్గరీ నుంచి మా అత్త ఫోన్ చేసింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు, సులోచన. జగిత్యాల దగ్గర సర్కారు బడిలో టీచర్‌గా రిటైరై, కూతురు మాధవి దగ్గరికి కాల్గరీ వచ్చేసింది. కెనడా సిటిజన్ అయ్యాక చేతికొచ్చిన పాస్‌పోర్టు మీద ఇంతవరకు ఒక్క ముద్ర కూడా పడలేదని ఆమె బాధ. చిన్నప్పుడు నా ఎండాకాలం సెలవులన్నీ ఆమె ఇంట్లోనే గడిచాయి. నాకు ఆమె అంటే ప్రాణం. ఆ మాట దాచుకోవాల్సిన పనేమీ లేదు.

"మీరు యూరప్ పోతుండ్రటగా. నేను గూడ వస్తరా వేణూ," అంది. "నా ఖర్చు నేను పెట్టుకుంట. నా సంచి నేను మోసుకుంట. నన్ను ఎవ్వలు ఎత్తుకోవద్దు."

ఆ వెనకే మాధవి గొంతు వినిపించింది. "వద్దు బావా. మోకాళ్లు. మాల్‌కు తీస్కపోతెనే రెండుసార్లు కూసుంటది."

నాదే ప్లానయితే అప్పటికప్పుడు రమ్మనేవాణ్ని. చవక టూర్ అంటే లిఫ్టు లేని గదులు, ఉరికి పట్టుకోవాల్సిన బస్సులు, టాక్సీ అన్న మాటే ఎత్తకపోవడం. అత్త వస్తే కుదరదని నీలిమ అనలేదు. కుదురుతుందనీ అనలేదు. ఒక పూట ఆలోచించి, "మే లాంగ్ వీకెండ్‌కి ట్రయల్ వేద్దాం," అంది. మాంట్రియల్, క్యూబెక్ సిటీ. ఫ్రెంచి మాట్లాడే ఆ ఊళ్లే కెనడా దాటకుండా దొరికే యూరప్. యూరప్‌కు ఏ నియమాలో అక్కడా అవే. అత్త తట్టుకుంటే జులైలో నలుగురం వెళ్తాం, లేకపోతే ముగ్గురం.

ఈ మాట అత్తకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఫోన్ తీసుకుని నీలిమే చెప్పింది. అత్త నవ్వేసింది. "పరీక్షనా? పెట్టు బిడ్డా. ముప్పై ఏండ్లు అందరికి నేనే పెట్టిన."

మిల్టన్: సంచుల తనిఖీ

నియమాలు మూడే. మనిషికి ఒక్క వీపు సంచి, చక్రాలు ఉండకూడదు. ఎవరిది వాళ్లే మోయాలి. ఇంటి తిండి తేకూడదు, అక్కడ ఏది చవకో అదే తినాలి.

అత్త మనవరాలి బడి సంచి తగిలించుకుని దిగింది. దానిమీద ఊదారంగు యూనికార్న్, అదే కొమ్ముగుర్రం బొమ్మ. నీలిమ ఎయిర్‌పోర్ట్ ఆఫీసర్‌లా జిప్పు తెరిచి చూసింది. రెండు జతల బట్టలు, శాలువా, మోకాలి పట్టీ, విటమిన్ మాత్రల పెద్ద సీసా.

"ఇదేంటి అత్తయ్యా, ఇంత పెద్ద సీసా?"

"గోలీలు బిడ్డా. పొద్దుకు రెండు."

నీలిమ పైకెత్తి ఊపింది. గోలీలు గలగలమనాలి. ఇది చడీచప్పుడు చేయలేదు. ఆవిడ నా వైపు చూసింది, నేను ఫ్రిజ్ వైపు చూశాను. ఎందుకోగాని ఆవిడ దాన్ని మళ్లీ సంచిలో పెట్టేసింది.

మా ఊరి నుంచి టొరంటోకు వెళ్లే రైలు ఆఫీసులకు వెళ్లేవాళ్లది. అందులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. యూనియన్ స్టేషన్‌లో మాంట్రియల్ రైలెక్కాక వాతావరణం మారింది. ప్రతి మాటా ఇంగ్లీషులో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి చెబుతారు. తన్వికి బడిలో ఫ్రెంచి ఒక సబ్జెక్టు. చిన్న క్లాసు నుంచీ నేర్చుకుంటోంది, ఒక్క ముక్క బయటికి మాట్లాడగా మేం వినలేదు. కొంచెం మాట్లాడి వినిపించమని అత్త అడిగితే, "ఇట్స్ ఎంబరాసింగ్, నానమ్మా," అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుంది.

మాంట్రియల్: ఇంటి బయట మెట్లు

మాంట్రియల్‌లో మేం దిగిన వీధిని చూసి నేను ముందు కంగారుపడ్డాను. ఇళ్లన్నీ మూడంతస్తులవి, మెట్లు మాత్రం ఇంటి బయట ఉన్నాయి. నల్ల ఇనప మెట్లు, జంతిక చుట్టినట్టు మెలితిరిగి మీదికి పోతాయి. మా గది మూడో అంతస్తులో. నీలిమ చవకలో చవక వెతికి తీసిన గది అది.

ఇంటావిడ జినెట్ కింది భాగంలో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, వరండాలో కుండీలకు మట్టి మారుస్తూ కనిపించింది. మెట్లు బయటెందుకు పెట్టారని అడిగాను. లోపల పెడితే ఒక గది పోతుంది కదా, అద్దెకిచ్చే గది ఎందుకు పోగొట్టుకోవాలి అంది. మరి చలికాలం మంచు పడితే ఎలా ఎక్కుతారంటే, "మెల్లగా" అంది.

అత్త అప్పటికే మొదటి మెట్టు మీద ఉంది. కాల్గరీలో ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన పద్ధతి ఆమెకు వేదం. "మంచి కాలు మీదికి, చెడ్డ కాలు కిందికి," అని పైకే అనుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కింది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు అని అర్థం. మలుపు దగ్గర ఆగి కింది వీధంతా చూసి, "మంచిగున్నదిరా, గాలి తిరుగుతున్నది," అంది. పైకెళ్లేసరికి నేను రొప్పుతున్నాను. నా చూపంతా నీలిమ ముఖం మీదే. ఆవిడ వంక పెట్టకుండా తాళం తీసింది, అంటే ఇప్పటికి పాసే.

సాయంత్రం బేగల్స్ కోసం క్యూలో నిలబడ్డాం. మైదాతో చేసిన గుండ్రటి రొట్టెలు, మధ్యలో చిల్లు, చుట్టూ నువ్వులు. కట్టెల పొయ్యిలోంచి పొడవాటి చెక్కతో తీసి తొట్టెలోకి దొర్లిస్తారు. మా మిల్టన్‌లో కాఫీ కొట్టులో బేగల్ కొంటే వెన్న, దాని పైపూతలు అన్నీ కలిపి ఏడెనిమిది డాలర్లవుతుంది. ఇక్కడ డాలరున్నరకు వేడివేడిగా చేతిలో పెట్టారు. పక్క పార్కులో బెంచీ మీద కూర్చుని తింటుంటే బాగానే ఉంది గానీ, రెండో దాని దగ్గరికి వచ్చేసరికి నాలుక ఇంకేదో అడగడం మొదలుపెట్టింది.

అత్త అటూ ఇటూ చూసి విటమిన్ సీసా బయటికి తీసింది. మూత తిప్పగానే వెల్లుల్లి, ఎండుమిర్చి వాసన పార్కంతా కమ్మేసింది. పల్లీల కారం. రొట్టె చీల్చి మధ్యలో చల్లి నాకొకటి, తన్వికొకటి ఇచ్చింది.

నీలిమ కాసేపు చెట్ల వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత చెయ్యి చాచి, "ఆ గోలీలు ఇటివ్వండి అత్తయ్యా," అంది.

మెట్రో: తలుపులు మూసుకున్నాయి

మర్నాడు పొద్దున పాత ఊరు చూడటానికి మెట్రోకు బయల్దేరాం. అప్పటిదాకా అత్తకు వంక పెట్టడానికి ఏమీ లేదు. జులైలో నలుగురమే అని నేను మనసులో టికెట్లు కూడా కొనేశాను.

ప్లాట్‌ఫామ్ మీద జనం బాగానే ఉన్నారు. రైలొచ్చింది. ముందు తన్వి ఎక్కింది, తర్వాత నీలిమ, తర్వాత నేను. నా వెనకే అత్త. ఆమె ఒక కాలు లోపల పెట్టడం నేను చూశాను. అంతలో ఏమైందో తెలియదు, కాలు వెనక్కి తీసుకుని గిర్రున తిరిగి చూసింది. తలుపులు మూసుకున్నాయి. అద్దం అవతల అత్త, వీపున కొమ్ముగుర్రం. రైలు కదిలింది.

నేను తలుపు మీద దబదబా బాదాను. ఎందుకు బాదానో నాకే తెలియదు, రైలేమైనా ఆగుతుందా. ఆమె ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే నా సంచిలో బ్యాటరీకి తగిలించి పెట్టాను. అంటే ఆమె దగ్గర ఫోన్ లేదు. ఫ్రెంచి రాదు. ఇంగ్లీషు వచ్చినా ఎదుటివాళ్లు మెల్లగా మాట్లాడితేనే. గది అడ్రసు నీలిమ ఫోన్‌లో ఉంది. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు పట్టే ఆ కాస్త సమయంలో నేను మాధవికి ఏం చెప్పాలో కూడా అనుకున్నాను.

"కంగారుపడకండి," అంది నీలిమ. ఆవిడ గొంతే కంగారుగా ఉంది. "తప్పిపోతే ఉన్నచోటే ఉండాలి. అది ఎవరికైనా తెలుసు. అక్కడే ఉంటారు."

తర్వాతి స్టేషన్‌లో దిగి, మెట్లెక్కి, అవతలి వైపు దిగి, వెనక్కి వెళ్లే రైలు పట్టుకున్నాం. మేం ఎక్కిన స్టేషన్‌కు చేరితే ప్లాట్‌ఫామ్ మీద అత్త లేదు. ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిచాను. లేదు. బయట కూడా లేదు.

పైన అద్దాల గదిలో ఒక ఉద్యోగి కూర్చుని ఉంది. నేను వెళ్లి ఇంగ్లీషులో గడగడా చెప్పాను. సగం తెలుగు కూడా కలిసిందేమో, ఆమె కనుబొమలు ముడిచింది. అప్పుడు తన్వి నన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చింది. మా గ్రాండ్‌మేర్, అంటే మా నానమ్మ, అంటూ మొదలుపెట్టి, ఊదారంగు గుర్రం బొమ్మ సంచి, తెల్లజుట్టు, నీలం స్వెటర్, అంతా ఫ్రెంచిలో చెప్పేసింది. తడబడింది, చెవులు ఎర్రబడ్డాయి, అయినా ఆపలేదు. ఆ ఉద్యోగి ఫోన్ ఎత్తి ఎవరితోనో మాట్లాడి, తన్వి వైపు చూసి నవ్వింది.

"షి ఈజ్ అట్ ద నెక్స్ట్ స్టేషన్, డాడీ," అంది తన్వి. "సమ్ పీపుల్ ఆర్ విత్ హర్."

ఆ పీపుల్ ఎవరో నాకు అర్థం కాలేదు. మళ్లీ రైలెక్కి మొదట మేం దిగిన స్టేషన్‌కే వెళ్లాం. బెంచీ మీద అత్త కూర్చుని ఉంది. పక్కన తోపుడు బండిలో పాపతో ఒక యువతి, ఆమెకు అటుపక్క నాలుగేళ్ల పిల్లాడు. అందరూ కలిసి ద్రాక్షపళ్లు తింటున్నారు.

నాకు దుఃఖం, కోపం ఒకేసారి వచ్చాయి. "ఎందుకు దిగినవ్ అత్తా?" అని అరిచినంత పని చేశాను.

"నువ్వే పిలిచినవ్ గదరా," అంది అత్త, తనే నన్ను తప్పుపడుతున్నట్టు. "అత్తా, అత్తా అని ఎనకనుంచి ఒకటే పిలుసుడాయె. నువ్వింకా కిందనే ఉన్నవేమో అనుకొని తిరిగి చూస్తి. చూస్తే నువ్వు లోపల ఉన్నవ్."

"నేను పిలవలే."

"మరి ఎవ్వలు పిలిచిండ్రు?"

అప్పుడే ఆ పిల్లాడు బెంచీ దిగి పట్టాల వైపు రెండడుగులు వేశాడు. తల్లి గబుక్కున వాడి చొక్కా పట్టుకుని, "అత్తా! అత్తా!" అంది.

మేం నలుగురం ఆమె వైపు తిరిగాం. తన్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నానమ్మా, దట్ మీన్స్ వెయిట్. ఇన్ ఫ్రెంచ్. ఆగు అని."

ఆ తల్లికి జరిగింది తెలుసు, తన్వి అడిగి మాకు చెప్పింది. వెనకనుంచి తన కొడుకును ఆగమని ఆమె కేకేస్తుంటే ముందున్న పెద్దావిడ ఆగిపోయిందట. తలుపులు మూసుకోవడం చూసి తన వల్లే ఇలా అయిందని బాధపడి, అత్తతోపాటు తర్వాతి రైలెక్కి ఇక్కడ దిగి కూర్చుంది. తన పని మానుకుని మా కోసం ఆగింది. నేను థాంక్స్‌కు నాకొచ్చిన ఫ్రెంచి మాట మెర్సీని వరసగా చెప్పుకుంటూ పోయాను.

"కానీ అక్కడే ఉండకుండా ఇక్కడికెందుకొచ్చారు అత్తయ్యా?" అని నీలిమ అడిగింది.

"మాధవి గిట్లనే చెప్పింది బిడ్డా. కాల్గరీల రైలు తప్పిపోతే ఒచ్చే స్టేషన్ల దిగి నిలబడు, నేనొస్త అని. మీరు దిగుతరని ఒచ్చిన."

ఎవరి నియమం ప్రకారం వాళ్లు సరిగ్గానే చేశారు. అందుకే ఎదురెదురు రైళ్లలో ఒకరినొకరు దాటిపోయాం.

ఆ సాయంత్రం గదిలో టీ తాగుతూ నీలిమ నోరు విప్పింది. దాచిపెట్టి మాట్లాడటం ఆవిడకు రాదు. "అత్తయ్యా, నన్ను తప్పుగా అనుకోకండి. పొద్దున నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇక్కడంటే తన్వికి భాష వచ్చు. అక్కడ రోజుకో దేశం, రోజుకో భాష. పరిగెత్తి రైళ్లు మారాలి. అలాంటిచోట మిమ్మల్ని పోగొట్టుకుంటే నేను మాధవికి ఏం సమాధానం చెప్పాలి?"

"అంటే నేను ఫెయిల్," అంది అత్త.

నేను నీలిమతో పోట్లాడాలనుకున్నాను, కానీ రైల్లో తలుపు బాదిన చేయి ఇంకా నొప్పిగా ఉంది. అత్త లేచి నాలుగు కప్పులూ కడిగి బోర్లించింది. "సరె తియ్. రేపటి ఊరన్న మంచిగ చూద్దాం," అంది.

క్యూబెక్ సిటీ: ఊరంతా అల్లుళ్లే

పరీక్ష అయిపోవడంతో క్యూబెక్ సిటీలో నీలిమ కొరడా కింద పెట్టేసింది. ఇక అత్త నడకను ఎవరూ గమనించనక్కర్లేదు కాబట్టి ఆమె ఇష్టమొచ్చినట్టు నడిచింది, ఇష్టమొచ్చిన చోట కూర్చుంది. రాళ్లు పరిచిన సందులు, చుట్టూ కోటగోడ. ఓరుగల్లు కోట చూసిన కళ్లకు ఆ గోడ కొత్తేం కాదు గానీ, దానిలోపల మనుషులు ఇంకా కాపురాలు చేసుకుంటూ బట్టలారేసుకోవడం నాకు నచ్చింది.

ఆ ఊళ్లో నేను నేర్చుకున్నది ఒకటుంది. కొట్టులోకి వెళ్తూ స్టయిల్‌గా "బోంజూర్" అనకూడదు. అంటే మనకు ఫ్రెంచి వచ్చనుకుని వాళ్లు మొదలుపెడతారు, తర్వాత మన ముఖం చూసి ఇద్దరం సిగ్గుపడాలి. నేను మూడు కొట్లలో సిగ్గుపడ్డాక తన్వి నన్ను బయటే నిలబడమంది. ముందురోజు నుంచి ఆ పిల్లకు నోరు వచ్చేసింది. బేరాలు కూడా ఆడుతోంది.

అత్తకు మాత్రం పండగే. మొదట్లో కాస్త ముభావంగా ఉంది. కానీ ఏ సందులోకి వెళ్లినా ఎవరో తల్లి పిల్లాణ్ని, ఎవరో అమ్మాయి స్నేహితుణ్ని, "అత్తా" అని పిలుస్తూనే ఉన్నారు. ప్రతిసారీ అత్త ఆగి, "ఏం బిడ్డా?" అని తెలుగులో పలికేది. "ఊరంత నాకు అల్లుళ్లేరా. గింత మందికి పండగ బట్టలు పెట్టాల్నంటే నా పెన్షన్ సాలది," అంది.

మధ్యాహ్నం పసుపుపచ్చ బఠానీ సూప్ తిన్నాం, ఇక్కడివాళ్ల పాతకాలపు వంటట. పంది మాంసం లేకుండా ఉందా అని తన్వి అడిగితే, వడ్డించే ఆవిడ లోపలికి వెళ్లి కనుక్కొచ్చి లేకుండానే ఉందని చెప్పింది. తాలింపు పెట్టడం మర్చిపోయిన ముద్దపప్పులా ఉంది. విటమిన్ సీసా మళ్లీ బయటికొచ్చింది. వడ్డించే ఆవిడ వాసనకు ఆగి, వేలికొనతో కాస్త రుచి చూసి, నీళ్లు తాగి, మళ్లీ చెయ్యి చాచింది. ఆ తర్వాత వాళ్లమ్మ ఆ సూప్ ఎలా వండేదో చెబుతూ మా పక్క కుర్చీలో కూర్చుండిపోయింది. నీలిమ వాచీ చూసుకుంది, కానీ లేవమనలేదు.

నిజం చెప్పాలంటే ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయిన మనుషులంతా అత్త కూర్చున్న చోట్లలోనే దొరికారు. మేం ముగ్గురమే అయితే అవన్నీ ఫొటో తీసుకుని దాటిపోయేవాళ్లం.

లెవీ: అవతలి ఒడ్డు

ఊరి అందం చూడటానికి టూరిస్టు పడవలు చాలా ఉన్నాయి, ధరలు వింటే కళ్లు తిరుగుతాయి. జనం రోజూ ఆఫీసులకు వెళ్లే ఫెర్రీ ఎక్కితే నాలుగైదు డాలర్లకు అదే నది, అదే దృశ్యం. ఇది నీలిమ కనిపెట్టిన కిటుకే, ఆవిడకు దండం పెట్టాలి. సెయింట్ లారెన్స్ నది దాటి లెవీ అనే ఊళ్లో దిగాం. వెనక్కి చూస్తే కొండ మీద క్యూబెక్ సిటీ మొత్తం సాయంత్రపు ఎండలో ఉంది.

అత్త ఊరి వైపు చూడలేదు. గట్టు మీద నుంచి నీళ్ల దగ్గరికి నాలుగు మెట్లుంటే, చెడ్డ కాలు కిందికి అనుకుంటూ దిగి, వంగి నీళ్లలో చెయ్యి పెట్టింది. జారుతుందేమోనని నీలిమ వెనకే దిగి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"సల్లగున్నయి," అంది అత్త. "మీ టొరంటో సరస్సుల నీళ్లే ఇవి. గిట్నుంచే సముద్రానికి పోతయి."

నేను అప్పుడు అడిగాను. "అత్తా, నిజం చెప్పు. యూరప్ మీద ఎందుకంత మనసు? ఈఫిల్ టవర్ చూడాల్ననా?"

"టవర్ నాకెందుకురా. డాన్యూబ్ చూడాల్నని."

మేమెవరం ఊహించని పేరు. నీలిమ ఏడు దేశాల ప్లాన్‌లో ఎక్కడా లేని నది అది.

"నల్ల అడవిల పుట్టి నల్ల సముద్రంల కలుస్తది," అంది అత్త, చేయి నీళ్లలోంచి తీయకుండానే. "ఏటేటా ఎనిమిదో తరగతికి చెప్పేదాన్ని. బోర్డు మీద సాక్‌పీస్ తోని గీసేదాన్ని, ఈడ్నుంచి ఆడిదాంక. పోరగాండ్లు నవ్వేటోళ్లు. పుట్టేది నల్లది, కలిసేది నల్లది, నడుమ ఏ రంగుంటది టీచర్ అని అడిగేటోళ్లు. నీలంగ ఉంటదిరా అని చెప్పేదాన్ని. మ్యాపుల నీలమే ఉంటది గదా. అన్నేండ్లు గదే చెప్పిన. చూసి చెప్పలే. ఒక్కసారి చూస్తే, నేను చెప్పింది నిజమో అబద్ధమో నాకన్న తెలుస్తది గదా అని. గంతే."

ఆమె చేయి దులుపుకుని శాలువాకు తుడుచుకుంది. చిన్నప్పుడు సెలవుల్లో నాకు కూడా ఆమే పాఠాలు చెప్పింది, పలక మీద ఆ నదిని గీసి చూపించింది. ఆ నదిని చూశావా అని అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

నీలిమ ఆమెను మెట్లెక్కించింది.

తిరుగు రైలు

సోమవారం రైల్లో అత్త, నీలిమ ఒక వైపు, నేను, తన్వి ఎదురుగా కూర్చున్నాం. నీలిమ ఫోన్‌లో తలదూర్చి ఏదో చేస్తోంది. ఆవిడ భుజం మీదుగా చూడటానికి మధ్యలో లేచిన తన్వి ఉన్నట్టుండి, "మామ్! యు డిలీటెడ్ ఆమ్‌స్టర్‌డామ్," అంది.

"కూర్చో," అంది నీలిమ.

"అండ్ బ్రస్సెల్స్. అండ్ లక్సెంబర్గ్."

"లక్సెంబర్గ్ గురించి నీకేం తెలుసు? కూర్చోమన్నానా."

ఇలాంటప్పుడు నేను మాట్లాడితే పనులు చెడిపోతాయని పెళ్లయిన కొత్తలోనే తెలుసుకున్నాను. అత్త కిటికీలోంచి పొలాలు చూస్తోంది.

నీలిమ ఫోన్ ఆమె ముందు పెట్టింది. తెర మీద మ్యాపు. "అత్తయ్యా, ఈ నది పక్కన ఊళ్లు చాలా ఉన్నాయి. రోజుకో ఊరు మారకుండా రెండు మూడు చోట్ల నాలుగేసి రోజులు ఉందాం. మెట్లు తక్కువున్న గదులు చూస్తాను. ఎక్కడ దిగితే బాగుంటుంది?"

అత్త మ్యాపును చూసింది, నీలిమను చూసింది. "నాకెట్ల తెలుస్తది బిడ్డా? పాఠం చెప్పిన గని నేను పోయిన్నా?" తర్వాత మెల్లగా అంది. "నేను ఫెయిలైన గదా."

"ఒక కండిషన్," అంది నీలిమ. ఆఫీసు గొంతు తెచ్చిపెట్టుకుంది. "ఏ ఊళ్లో ఏ రైలైనా ముందు మీరెక్కాలి. ఆ తర్వాతే మేం ఎక్కుతాం. ఎవరు ఏ భాషలో పిలిచినా మీరు దిగకూడదు."

అత్త పరీక్ష పేపర్లో తప్పు పట్టుకున్న టీచర్‌లా కళ్లజోడు మీదనుంచి చూసింది. "మంచిదే. ముందు నేనెక్కినంక తలుపులు మూసుకుంటే? మీరు కింద ఉండిపోతే ఎట్ల?"

నీలిమ ఆమె చెయ్యి పట్టుకుంది.

"వచ్చే స్టేషన్‌లో దిగి కూర్చోండి అత్తయ్యా. మేం వస్తాం."